బ్యాండ్ పెడుతున్న సుబ్బూకి

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం అందింది. బ్యాండ్ పెడుతున్నావని చదివి ఎంత సంబరపడ్డానో! "డ్రమ్స్ వాయించేవాడు బ్యాండుని నడపగలడా?" అని టెన్షన్ పడుతున్నావు కదా, అప్పట్నుంచీ నా బుర్రలో ఇంగ్లండు డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డే తిరుగుతున్నాడు.

యెస్ అనే రాక్ బ్యాండు మొదలుపెట్టినవాళ్లలో అతనొకడు. 1972లో, వాళ్ల పేరు మార్మోగిపోతున్నప్పుడే బయటికొచ్చి కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో రాక్ బ్యాండులో చేరాడు. ఆ మరుసటేడు నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీ. వయొలిన్, బాస్ గిటార్, మెలోట్రాన్ (టేపుల మీది శబ్దాలు పలికించే కీబోర్డు) మెల్లగా అల్లుకుంటున్నాయి, పాట అప్పటికప్పుడు పుడుతోంది. బ్రూఫర్డ్ స్టిక్స్ రెండూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. చివరిదాకా ఒక్క దెబ్బ వెయ్యలేదు! అది ఆల్బంలో వచ్చినప్పుడు, కట్టినవాళ్ల పేర్లలో అతని పేరూ వేశారు. వాయించనందుకురా!

తర్వాత తన పేరుతోనే జాజ్, రాక్ కలిపిన ఫ్యూజన్ బ్యాండ్ పెట్టాడు. గిటార్ అలన్ హోల్డ్స్‌వర్త్, బాస్ జెఫ్ బెర్లిన్, కీబోర్డ్స్ డేవ్ స్టూవర్ట్. ఒక్కొక్కడూ ఒక కొండ. 1979 ఆల్బం ఇప్పటికీ వింటూనే ఉంటాను. అందులో ఆ స్నేర్ డ్రమ్ము విను. చర్మం, అంచు ఒకేసారి తగిలేలా కొడతాడు. ఇత్తడి బిందె బావి గట్టుకి తగిలినట్టు ఖంగుమంటుంది. తాళం లెక్క ఏడులోకి వెళ్లిందంటే చాలు, మాస్టారి దగ్గర నేర్చుకున్న "తకిట తకధిమి" నా మోకాలి మీద దానంతటదే మొదలవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టం 1986లో అతను పెట్టిన ఎర్త్‌వర్క్స్ అనే జాజ్ బ్యాండ్. అప్పటికి అతనికి 37 ఏళ్లు. తెచ్చుకున్నదేమో కీబోర్డ్స్ వాయించే పాతికేళ్ల జాంగో బేట్స్‌ని, సాక్సఫోన్ వాయించే 22 ఏళ్ల ఇయన్ బాలమీని. పాటలు కట్టే పనిలో చాలా భాగం వాళ్ల చేతికిచ్చాడు. తను ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లకి స్వరాలు తగిలించి, స్టిక్స్‌తోనే కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) పలికించాడు. సాక్సఫోన్ కింద మెత్తగా పరుచుకునే ఆ కార్డ్స్ వాయిస్తున్నది డ్రమ్మరని మొదటిసారి నాకు అర్థం కాలేదు. 90ల చివర్లో ఆ సరంజామా అంతా పక్కనపెట్టి మామూలు డ్రమ్స్‌తో, పియానో, సాక్స్, డబుల్ బాస్ ఉన్న జాజ్ బ్యాండుగా దాన్ని మళ్లీ కట్టాడు.

మీ పియానో కుర్రాడు సొంతంగా ట్యూన్లు కడతాడన్నావు కదా, మొదటి రిహార్సల్ వాడి ట్యూన్‌తోనే మొదలుపెట్టరా. ఆదివారం వస్తున్నాను, ఆ ఆమ్‌స్టర్‌డామ్ రికార్డింగ్ ఇద్దరం కూర్చుని విందాం. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు