జబ్బు లేనివారికీ ఆ మందు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

చూపు పోగొట్టగల కంటి అంటువ్యాధి ట్రకోమా నిర్మూలనకు ఊరందరికీ ఒకేసారి అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ మందు ఇవ్వడం వృథా అనేవారికి జవాబుగా ఈ లేఖ రాస్తున్నాను. క్లమీడియా ట్రకోమాటిస్ అనే బ్యాక్టీరియా కంటి పుసి, ముక్కు చీమిడి అంటిన చేతులు, తువ్వాళ్లు, ఈగల ద్వారా పాకుతుంది కనుక, కళ్లు ఎర్రబడిన ఒక్క పిల్లవాడికే మందు వేస్తే, ఏ లక్షణమూ కనబడని తోబుట్టువు నుంచి అది మళ్లీ వాడికే అంటుకుంటుంది. ఇలా ఏళ్ల తరబడి సోకగా సోకగా రెప్ప లోపలి పొర మచ్చలుబడి ముడుచుకుపోయి, రెప్పవేసిన ప్రతిసారీ వెంట్రుకలు నల్లగుడ్డును గీరుతాయి. ఆ బాధ ఓర్వలేక పట్టకారుతో రెప్ప వెంట్రుకలు పీక్కునే వృద్ధులున్నారు.

1 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో చురుకైన ట్రకోమా 5 శాతం, ఆపైన ఉంటే ఆ ప్రాంతమంతటా మందు పంచాలని, అది కనీసం 80 శాతం మందికి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు కొలకర్రతో ఎత్తు చూసి మోతాదు నిర్ణయిస్తారు. 6 నెలలు నిండని శిశువులకైతే టెట్రాసైక్లిన్ కంటి లేపనమే.

ఇతర బ్యాక్టీరియా మందుకు లొంగకుండా పోతుందన్న భయం నిజమైనదే. అందుకే సర్వేలు సకాలంలో జరిపి, అవసరం తీరగానే పంపిణీ ఆపాలి. ముఖం కడుక్కోవడానికి నీళ్లు, ముడుచుకున్న రెప్పలకు శస్త్రచికిత్స కూడా మందుతో పాటే అందాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు