మా అక్క ఫొటో చుట్టూ ఎర్ర గీత

సంపాదకుడు గారికి,
నమస్కారం.

మా అక్క చనిపోయి పదకొండేళ్లయింది. చంపింది మా బావే, అదనపు కట్నం కోసం. సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది. అప్పటికి అక్క కొడుక్కి ఐదేళ్లు. అమ్మా నేనూ పెంచాం. ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఈమధ్య వాళ్ల కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక యూట్యూబ్ వీడియో పెట్టారు. దాని మీద మా అక్క పెళ్లి ఫొటో, ముఖం చుట్టూ ఎర్ర గీత, పక్కన 'ఆ రాత్రి ఏం జరిగింది?' అని పెద్ద అక్షరాలు. వాడు ఇరవై నిమిషాల వీడియో మొత్తం ఒక్కడే కూర్చుని చూశాడు. చూశాక నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "పిన్నీ, అమ్మకు ఇంకెవరితోనైనా సంబంధం ఉండేదా?"

ఆ మాట బావ తరఫు లాయరు కోర్టులో అన్నది. జడ్జిగారు నమ్మలేదు. తీర్పులో స్పష్టంగా రాశారు. వీడియో చేసినవాళ్లు తీర్పు చదవలేదు. కానీ ఆ ఒక్క మాట మీదే కథంతా నడిపించారు. కింద కామెంట్లలో 'ఊరికే ఎవరు చంపుతారు' అని రాసినవాళ్లు ఎందరో. పెళ్లి ఫొటో వాళ్ల చేతికి ఎలా వచ్చిందో మాకు ఇప్పటికీ తెలియదు.

వీడియో తీసేయమని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేశాం. నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదని జవాబొచ్చింది. లాయరు గారిని కలిశాం. లైంగిక దాడి కేసయితే బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడుతుంది, ఆమె చనిపోయినా పేరు చెప్పకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది అన్నారు. హత్యకు ఆ రక్షణ లేదు. మనిషి గోప్యత హక్కు ఆ మనిషితోనే పోతుందని 2023లో ఢిల్లీ హైకోర్టు, చనిపోయిన ఒక సినీ నటుడి తండ్రి వేసిన కేసులో అంది. ఇక మిగిలింది పరువు నష్టం. చనిపోయినవాళ్ల గురించి అన్న మాట కూడా పరువు నష్టం కావచ్చు, కానీ కుటుంబాన్ని బాధపెట్టాలనే ఉద్దేశంతోనే అన్నారని చూపించాలట. వ్యూస్ కోసం చేశామంటే సరిపోతుంది వాళ్లకు. పైగా డెబ్బై ఏళ్ల అమ్మను మళ్లీ కోర్టు మెట్లు ఎక్కించాలి. వద్దనుకున్నాం.

చట్టం ఉన్నచోట కూడా ఆగుతున్నదేమీ లేదు. 2019లో శంషాబాద్ అత్యాచారం, హత్య ఘటనలో పోలీసులు ఆ అమ్మాయిని 'దిశ' అని పిలవమన్నాక కూడా అసలు పేరు, ఫొటో ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. ఇక హత్య కేసులంటారా, 2018లో మిర్యాలగూడలో ఆస్పత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కనే ఉండగా భర్తను నరికి చంపారు. ఆ సీసీ కెమెరా దృశ్యం టీవీల్లో ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. రెండేళ్లకు దాని మీద సినిమా అన్నారు. ఆమె నల్గొండ కోర్టుకు వెళ్లింది, అక్కడ సినిమా ఆగింది, తర్వాత హైకోర్టు అనుమతించింది, అదే ఏడాది విడుదలైంది. అసలు కేసులో తీర్పు వచ్చింది మాత్రం 2025 మార్చిలో. హత్య నాటికి కడుపులో ఉన్న బిడ్డకు ఇప్పుడు బడికి వెళ్లే వయసు. మా వాడిని చూసినప్పుడల్లా నాకు ఆ బిడ్డ గుర్తొస్తాడు.

నేరాల గురించి రాయొద్దని నేను అనడం లేదు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007లో కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఏళ్ల తరబడి విలేకరుల ముందుకొచ్చి న్యాయం అడుగుతూనే ఉన్నారు. అందులో శిక్ష పడ్డ కుర్రాడిని హైకోర్టు 2017లో నిర్దోషి అంది. అలాంటి కేసులో పత్రికలు వెంటపడాల్సిందే. కానీ అక్కడ మాట్లాడుతున్నది ఆ తల్లి. ఆమెకు ఏం కావాలో ఆమె చెబుతోంది. మా విషయంలో మమ్మల్ని అడిగినవాళ్లే లేరు.

మీ పత్రికకు కూడా యూట్యూబ్ చానల్ ఉంది, అందులో పాత కేసుల కథనాలు వస్తున్నాయి. నేను కోరేది ఒక్కటే. కథనం వేసే ముందు ఆ ఇంటికి ఒక్క ఫోన్ చేయించండి. ఫలానా రోజున వేస్తున్నామని చెబితే, కనీసం పిల్లల్ని ఆ పూట దగ్గర కూర్చోబెట్టుకుంటాం. కోర్టు నమ్మని మాటను కథలో పెట్టకండి. నటులతో చివరి క్షణాలు నటింపజేసి చూపించకండి. పెళ్లి ఫొటోలు వాడకండి.

ఈ ఉత్తరం పంపే ముందు మా వాడికి చదివి వినిపించాను. ఒక వాక్యం తీసేయమన్నాడు, తీసేశాను. మా పేర్లు, ఊరు వేయవద్దని మనవి.

- ఒక పాఠకురాలు