పెంపకం లోపం అని రాయకండి

సంపాదకుడు గారికి,

జెండర్ డిస్ఫోరియా (పుట్టిన శరీరం ఒకటి, మనసు తనను ఆడ లేదా మగ అనుకునేది వేరొకటి అయినప్పుడు పడే బాధ) మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది గానీ, తల్లిదండ్రుల పెంపకంలో లోపమే దీనికి కారణమన్న వాక్యం దగ్గర ప్రాణం చివుక్కుమంది. నీ గారాబం వల్లే పిల్లాడు ఇలా తయారయ్యాడని చుట్టాలంతా తల్లిని ఎలా దెప్పుతారో చూసినవాళ్లు ఆ మాట అంత తేలిగ్గా రాయలేరు.

పెంపకంతోనే అంతా అయ్యేట్టయితే డేవిడ్ రైమర్ కథ వేరేలా ఉండేది. 1965లో కెనడాలో పుట్టిన ఈ అబ్బాయికి పసితనంలో సున్తీ చేస్తుంటే అంగం కాలిపోయింది, జాన్ మనీ అనే సైకాలజిస్టు సలహాతో ఆడపిల్లగా పెంచారు, గౌన్లు తొడిగారు, హార్మోన్లు ఇచ్చారు, అసలు సంగతి దాచారు. అయినా అందులో ఇమడలేకపోయాడు, టీనేజ్‌లో నిజం తెలియగానే మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు. ఒక్క కేసుతో అన్నీ తేలిపోవు, ఒప్పుకుంటాను. కానీ పెంచినట్టల్లా మనిషి మారిపోడని మాత్రం తెలుస్తోంది కదా.

ఇక జన్యువుల సంగతి. 2012లో వచ్చిన ఒక పరిశీలనలో, కనీసం ఒకరికి డిస్ఫోరియా ఉన్న ఒకేలాంటి కవలల జంటలు 23 చూస్తే, 9 జంటల్లో ఇద్దరికీ ఉంది. ఒకేలా ఉండని, ఇద్దరూ ఆడ లేదా ఇద్దరూ మగ అయిన కవలల్లో అలాంటి జంట ఒక్కటీ లేదు. అంటే పుట్టుకతో వచ్చేది ఏదో ఉంది, అలాగని మొత్తం జన్యువుల మీదే నెట్టేయలేం, మిగతా 14 జంటల్లో ఒక్కరికే ఉంది మరి. కడుపులో ఉన్నప్పటి హార్మోన్ల ప్రభావం కూడా ఉండొచ్చని పరిశోధకులు అనుకుంటున్నారు, ఎందుకంటే జననాంగాలు మొదటి నెలల్లోనే ఏర్పడతాయి, మెదడు మీద హార్మోన్ల పని ఆ తర్వాత కూడా సాగుతుంది. మెదడు స్కాన్ చూసి ఫలానా అని తేల్చే పరీక్ష అయితే లేదు.

డిప్రెషన్, టెన్షన్ వీళ్లలో ఎక్కువే, ఆటిజం కూడా మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. కానీ రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్లాలంటేనే భయపడి, పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చునే పిల్లకి డిప్రెషన్ ఎక్కడి నుంచి వచ్చిందో వేరే వెతకాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల కొత్త జాబితాలో ఈ జెండర్ విషయాన్ని మానసిక రుగ్మతల నుంచి తీసేసింది, మీ వ్యాసంలో ఆ ముక్కే లేదు.

దయచేసి ఆ వాక్యానికి సవరణ వేయండి, వ్యాసం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో.

ఇట్లు,
మీ పాఠకురాలు