చిన్ని ఫోను తిరిగి ఇచ్చేయండి, నాన్నగారూ

డబ్లిన్,
శనివారం రాత్రి

నాన్నగారికి నమస్కారాలు.

అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. ఎవడో చెల్లి చిన్ని మొహాన్ని వేరే ఒంటికి అతికించి దొంగ అకౌంట్‌లో పెట్టాడనీ, మీరు దాని ఫోను తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారనీ, ఈ ఏడాదితో ఇంజనీరింగ్ మానిపించేద్దామంటున్నారనీ.

మీ భయం నాకు తెలుసండి. అంబాజీపేట మార్కెట్లో నలుగురూ ఏమంటారోనని మీకు అన్నం కూడా సహించి ఉండదు. కానీ ఆ పాడు పని చేసినవాడు ఫోను పట్టుకుని హాయిగా తిరుగుతున్నాడు. బీరువాలో ఉన్నది చిన్ని ఫోను.

కాలవగట్టు మీద కుర్రాళ్లు వెంటపడుతున్నారని నానమ్మ చేత అయిదో తరగతిలోనే బడి మానిపించారు కదా. ధవళేశ్వరంలో వీరేశలింగంగారు ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. అన్నేళ్ల తర్వాత కూడా మన ఇంట్లో జరిగింది అది. నానమ్మ చివరిదాకా పేపరు కూడబలుక్కునే చదివింది. ఆ కుర్రాళ్ల చదువు మాత్రం ఎవరూ ఆపలేదు.

మీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఇక్కడ చేరిన మొదటి ఏడాది, కస్టమర్ల డబ్బు రెండుసార్లు కట్ అవుతుంటే రెండు రాత్రులు కూర్చుని తప్పు ఎక్కడుందో పట్టుకున్నాను. మీటింగులో చెబితే ఎవరూ తలెత్తలేదు. పది నిమిషాల తర్వాత పక్కన కూర్చున్నతను అదే మాట అన్నాడు. మేనేజరు 'శభాష్' అని, మినిట్స్ రాయమని నాకు పెన్ను ఇచ్చాడు. అతని పేరు నా చేత్తోనే రాశాను.

ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా నేను పెట్టిన ప్రోగ్రాముల కింద కూడా అంతే. 'ఇది నీకు ఎవరు రాసిచ్చారు?' అని అడిగేవారు, ఇంకా రాయలేని మాటలు అనేవారు. విసిగిపోయి నా ఫొటో తీసేశాను, పేరు రెండు అక్షరాలకి కుదించాను, మన దొడ్లో కొబ్బరిచెట్టు బొమ్మ పెట్టాను. ఆ రోజు నుంచి ఎవరూ అడగలేదు. అది చూసి 'మన చెట్టేనమ్మా' అని మీరు ఎంత మురిసిపోయారో! అప్పుడు నోరు రాలేదు నాకు.

1946లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ని లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రాములు రాసింది ఆరుగురు ఆడవాళ్లు. ఆ మిషను పక్కన వాళ్లు నిలబడ్డ ఫొటోలు చూసి, అందం కోసం నిలబెట్టిన మోడళ్లనుకున్నారట, చాలా ఏళ్లు. చిన్ని చదువుతున్న కంప్యూటర్ చదువుకి దారి వేసినవాళ్లలో వాళ్లు కూడా ఉన్నారు నాన్నగారూ.

ఇప్పుడు చేయాల్సిన పని వేరే ఉంది. ముందు స్క్రీన్‌షాట్లు, లింకు, ఆ అకౌంట్ పేరు, తేదీ దాచాలి. ఆధారం అదే. తర్వాత కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేయాలి. పేరు చెప్పకుండా కూడా చేయొచ్చు, కానీ చిన్ని పేరుతోనే ఇద్దాం, కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. ఇలా మార్చిన ఫొటోల్ని ఫిర్యాదు అందిన 24 గంటల్లో కంపెనీలు తీసేయాలని 2021లోనే ఐటీ నియమాల్లో పెట్టారు, తర్వాత ఆ గడువు ఇంకా తగ్గించారు. ఇలాంటి ఫొటోలు పాకకుండా ఆపడానికి 'స్టాప్ ఎన్‌సీఐఐ' అని ఇంకో సైటు ఉంది. దానికి ఆ ఫొటో పంపక్కర్లేదు. మన ఫోన్లోనే వేలిముద్రలాంటి కోడ్ ఒకటి తయారవుతుంది, అందులో చేరిన కంపెనీలకి ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. మళ్లీ ఎవడైనా అదే ఫొటో పెట్టబోతే వాళ్లు పట్టుకుంటారు.

ఇవన్నీ బీరువాలో ఉన్న ఫోనుతో అవుతాయా చెప్పండి?

స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే, కొబ్బరికాయల దింపువాళ్లు వచ్చే రోజైనా సరే, మీరు చిన్ని పక్కన నడవండి, దింపు పని బాబాయి చూసుకుంటాడు. 'ఎందుకు పెట్టావు ఫొటో' అని మాత్రం దాన్ని అడగొద్దు.

ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు కొబ్బరిచెట్టు తీసేసి నా ఫొటో, నా పూర్తి పేరు పెట్టాను. చిన్నికి చూపించండి.

రేపు మీకు రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి ఫోన్ చేస్తాను. అమ్మ నంబరుకి కాదు, చిన్ని నంబరుకి.

మీ పెద్దమ్మాయి