ఆటలు నేర్పేవారూ, మన పిల్లలూ

తల్లిదండ్రులకు నమస్కారం.

మండల స్థాయి స్కూల్ గేమ్స్ దగ్గర పడుతున్నాయి. సాయంత్రమైతే ఒంగోలులో మన బడి గ్రౌండ్ కబడ్డీ, ఖోఖో ప్రాక్టీసుతో సందడిగా ఉంటోంది.

మొన్న ఎనిమిదో తరగతి అమ్మాయి కూతకెళ్లి, మధ్య గీత దగ్గరికొచ్చేసరికి కుంటడం మొదలుపెట్టింది. మోకాలు నొప్పి కొన్నాళ్లుగా ఉందట. "చెబితే టీమ్‌లోంచి తీసేస్తారేమోనని భయపడ్డాను మేడమ్" అంది. ఆటలు నేర్పే పీడీ మేడమ్ ఆ పిల్లను చెట్టు కింద కూర్చోబెట్టి, మోకాలికి ఐస్ పెట్టి, "నీ ప్లేసు ఎక్కడికీ పోదు, ముందు కాలు తగ్గనీ" అన్నారు. అప్పటినుంచి వార్మప్‌కి ముందు అందరినీ నొప్పుల గురించి, నిద్ర గురించి అడుగుతున్నారు. ఇప్పుడు పిల్లలే ముందుగా చెప్పేస్తున్నారు.

ఇష్టంగా చేసే పని గురించి ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మూడు అవసరాలు చెప్పారు: తన మాటకు విలువ, తనకు చేతనవుతుందన్న నమ్మకం, తనవాళ్లున్నారన్న ధైర్యం. భయపెట్టి ఆడిస్తే ఒక మ్యాచ్ గెలవచ్చేమో. ఆ భయం పేరుకుంటే మాత్రం పదో తరగతికి వచ్చేసరికి పిల్లలు గ్రౌండ్ వైపే చూడరు.

అలాగని కట్టడి వద్దని కాదు. అప్పటి మన ప్రకాశం జిల్లాలోని నాగండ్లలో పుట్టిన బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ గారు, 2016 రియో ఒలింపిక్స్‌కి ముందు తన శిష్యురాలు పి.వి. సింధు ఫోన్‌ని మూడు నెలలు తన దగ్గరే ఉంచుకున్నారు. రజతం గెలిచాక తిరిగిచ్చారు. కోచ్ మీద నమ్మకం ఉంటే అంత కట్టడినీ పిల్లలు తట్టుకుంటారు. ఆ నమ్మకం లేనిచోట చిన్న మాటకే మనసు విరిగిపోతుంది.

మీకొక విన్నపం. మ్యాచ్ జరిగేటప్పుడు బయటినుంచి "పట్టుకో, వదలొద్దు" అని కేకలేయకండి. మేడమ్ ఒకటి, నాన్న ఇంకొకటి చెబితే పిల్లకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఓడిన రోజు బండి మీద ఇంటికెళ్తూ తప్పులు ఏకరువు పెట్టొద్దు. ముందు అన్నం పెట్టండి, మాటలు తర్వాత.

కొట్టడం, నలుగురిలో హేళన చేయడం శిక్షణ కిందికి రావు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడుల్లో వాటిని నిషేధించింది. మా దగ్గరైనా, బయటి అకాడమీలోనైనా అలాంటిది జరిగిందని మీ బిడ్డ చెబితే నమ్మండి, నేరుగా నా దగ్గరికి రండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

నొప్పులుంటే డైరీలో రాసి పంపండి. శనివారాలు ప్రాక్టీసు అయ్యాక పీడీ మేడమ్ గ్రౌండ్‌లోనే ఉంటారు, వచ్చి మాట్లాడండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు