ఐర్లండ్ రిపోర్టు తీసుకున్న మన కుటుంబాలన్నిటికీ

పాత ఫొటోలు బాగుచేయించుకోవడానికి వచ్చి, అలాగే ఐర్లండ్ నుంచి వచ్చిన తాతముత్తాతల వివరాలు కూడా వెతికించుకుంటున్న మెట్టుగూడ, సౌత్ లాలాగూడ, కాజీపేట కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. డబ్లిన్‌లో మన తరఫున రికార్డులు వెతికే సంస్థతో పని ఆపేశాం. వాళ్లు పంపిన రిపోర్టుల్లో ఐర్లండ్ ఊరి పేరు ఉన్న ప్రతిదాన్నీ మళ్లీ చూస్తున్నాను. మీ దగ్గర అలాంటిది ఉంటే స్టూడియోకి తీసుకురండి. ఈ విషయం ఆ నోటా ఈ నోటా కాకుండా నా నుంచే మీకు తెలియాలి.

మెట్టుగూడలో ఒక ఆంటీ ఉన్నారు. ఆవిడ ముత్తాత తండ్రి సైనికుడిగా సికింద్రాబాద్ వచ్చాడు. అప్పట్లో అది వింతేమీ కాదు, 1830 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యంలో పదిమందికి నలుగురు ఐరిష్ వాళ్లే. పేరు మార్చి జాన్ ర్యాన్ అనుకుందాం. డబ్లిన్ నుంచి వచ్చిన రిపోర్టులో టిప్పరరీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఒక పల్లె, అక్కడి చర్చిలో బాప్తిస్మం తేదీ, తల్లిదండ్రుల పేర్లు అన్నీ ఉన్నాయి. ఆంటీ దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. పెర్త్‌లో ఉన్న మనవరాలు ఆ పల్లె చూసొస్తానని ఆఫీసులో సెలవు కూడా పెట్టింది.

ఆ తర్వాత ఆయన డిశ్చార్జి కాగితం స్కాన్ నా చేతికొచ్చింది. పెన్షన్ మీద బయటికొచ్చిన సైనికుల కాగితాలు లండన్‌లో క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఏ పారిష్‌లో (అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతంలో), ఏ పట్నం దగ్గర, ఏ కౌంటీలో పుట్టాడో అందులో రాస్తారు. ఎత్తు, కళ్ల రంగు, జుట్టు రంగు, సైన్యంలో చేరకముందు చేసిన పని కూడా ఉంటాయి. మన జాన్ ర్యాన్ ఐదడుగుల ఆరంగుళాలు, బూడిదరంగు కళ్లు, కూలిపని చేసేవాడు. పుట్టింది లిమరిక్ కౌంటీలో. టిప్పరరీ, లిమరిక్ పక్కపక్కనే ఉంటాయి, రెండు చోట్లా ర్యాన్‌లు బోలెడుమంది. పేరు కలిసింది, వయసు కాస్త అటూ ఇటూగా కలిసింది, అంతే. మొదట దొరికినవాణ్ణే ఆంటీ ముత్తాత తండ్రిని చేసేశారు.

డబ్లిన్ సంస్థను అడిగితే వాళ్ల జవాబు ఏమిటంటే, ఇండియాలో ఉన్న మీ కస్టమర్లకు ఇంతకన్నా ఏం కావాలి, వాళ్లు సంతోషంగానే ఉన్నారు కదా అని. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. పింఛను డబ్బుల్లోంచి కొంత తీసి కట్టిన మనిషికి ఎవరో ఒక ర్యాన్ చాలని వీళ్లెవరు చెప్పడానికి?

ఐర్లండ్ రికార్డులు వెతకడం కష్టమే. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం జరుగుతుండగా, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల ఆవరణలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు చాలా మటుకు అందులోనే పోయాయి. 1861, 1871 లెక్కలను ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891 కాగితాలు మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుజ్జుకు పోయాయి. కాథలిక్ చర్చి రిజిస్టర్లు ఆ ఆఫీసులో లేవు కాబట్టి బతికాయి. 2015 నుంచి వాటిని నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తోంది. కానీ చాలా పారిష్‌ల్లో అవి 1800 తర్వాతే మొదలవుతాయి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, పేర్లు లాటిన్‌లో ఉంటాయి. లిమరిక్‌లో మన జాన్ పుట్టిన పారిష్ రిజిస్టరు ఆయన పుట్టిన తర్వాతే మొదలైంది. అంటే ఆయన తల్లిదండ్రుల పేర్లు దొరక్కపోవచ్చు. దొరకనప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేయాలి.

ఆంటీకి చెప్పాలా వద్దా అన్నది తేల్చుకోలేక చాలా నలిగిపోయాను. ఆవిడకు ఎనభై దాటాయి. గోడ మీద ఫ్రేము చూసుకుని మురిసిపోతున్నారు. ఇంట్లో వాళ్లు వద్దన్నారు, స్టూడియోలో పనిచేసే అబ్బాయి కూడా వద్దన్నాడు. రాత్రి నిద్రపట్టేది కాదు. చెబితే ఆవిడ దగ్గరున్నది లాక్కున్నట్టవుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల అంత దూరం వెళ్లి ఎవరి సమాధి ముందో దండం పెట్టి వస్తుంది. చివరికి స్కాన్ ప్రింటు తీసుకుని వెళ్లాను.

ఆంటీ భూతద్దం పెట్టుకుని ప్రతి లైనూ చదివారు. టిప్పరరీ గురించి ఒక్క మాట అడగలేదు. బూడిదరంగు కళ్లు అని ఉన్న దగ్గర ఆగి, "మా తమ్ముడివీ ఇవే కళ్లురా" అన్నారు. తల్లిదండ్రుల పేర్లు లేకపోయినా పర్లేదన్నారు. ఆ ఫ్రేములో ఇప్పుడు డిశ్చార్జి కాగితం ఉంది. మనవరాలు లిమరిక్ వెళ్తోంది. ఈ పనిలో ఖర్చులు పోను మిగిలేది చాలా తక్కువ. అయినా వదలకపోవడానికి కారణం ఆ పూట లాంటివే.

ఇకమీదట వెతకడం నేనే చేస్తాను. ఆలస్యమవుతుంది, అందుకే తేదీ చెప్పి ఆశ పెట్టను. రిపోర్టులో ప్రతి పేరు పక్కనా అది ఏ కాగితంలో ఉందో రాస్తాను, కాపీ జత చేస్తాను. కౌంటీ దాకానే తెలిస్తే కౌంటీ దగ్గరే ఆపుతాను. పాత రిపోర్టులో తప్పు తేలితే కట్టిన డబ్బు మొత్తం ఫోన్‌పేలో వెనక్కి వేస్తాను, ఆ సంస్థ నాకు తిరిగి ఇచ్చినా ఇవ్వకపోయినా. ఐరిష్ పాస్‌పోర్టు కోసం అడిగేవాళ్లకు ముందే చెబుతున్నా: మామూలుగా తాతో నాయనమ్మో అమ్మమ్మో ఐర్లండ్‌లో పుట్టి ఉండాలి. మన కుటుంబాల్లో వచ్చినవాళ్లు అంతకంటే చాలా ముందు తరాల వాళ్లు. ఆ ఆశతో నాకు డబ్బు కట్టవద్దు.

వచ్చేటప్పుడు బాప్తిస్మం, పెళ్లి సర్టిఫికెట్లు, రైల్వే సర్వీసు కాగితాలు, సమాధి రాయి ఫొటో, ఏవుంటే అవి తీసుకురండి. ఇంట్లో రాయల్ డబ్లిన్ ఫ్యుసిలియర్స్ అనే సైనిక రెజిమెంటు బ్యాడ్జి ఉంటే అదీ తెండి, కానీ దాన్ని చూసి డబ్లిన్ వాళ్లమని అనుకోకండి. ఆ రెజిమెంటుకు ఆ పేరు 1881లో వచ్చింది, అంతకుముందు అందులో ఒక బెటాలియన్ మద్రాస్ ఫ్యుసిలియర్స్, ఈస్టిండియా కంపెనీ కాలంనాటిది. పాత రిపోర్టులు సరిచూడటం పూర్తయ్యేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోను. ఫొటోల పని మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది.