ఎనిమిదేళ్ల పిల్లకి వారానికి పద్దెనిమిది గంటల జిమ్నాస్టిక్సా?

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ టెస్టుల తేదీలు, వ్యాన్ టైమింగ్స్‌లో మార్పులు చివరి పేజీలో ఉన్నాయి, అవి తీరిగ్గా చూసుకోండి. ఈసారి నేను రాయాలనుకున్నది వేరే.

రెండు వారాల కింద మూడో తరగతి గదిలోకి ఊరికే తొంగిచూశాను. లెక్కల పీరియడ్. చివరి బెంచీలో ఒక పాప ఏడో ఎక్కం రాస్తూ రాస్తూ నోట్‌బుక్ మీద తల వాల్చి నిద్రపోతోంది. ఏడార్లు నలభై రెండు దాకా ముత్యాల్లాంటి అంకెలు, ఆ తర్వాత పెన్సిల్ గీత ఒకటి పేజీ అంచుదాకా జారిపోయి ఉంది. 'రోజూ ఇంతే మేడమ్, లేపితే కాసేపు కూర్చుంటుంది, మళ్లీ పడుకుంటుంది' అన్నారు టీచర్. లేపి బయటికి తీసుకెళ్లాను. అరచేయి తిప్పి చూస్తే వేళ్ల మొదట్లో రెండు చోట్ల చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. జిమ్నాస్టిక్స్‌లో బార్స్ అనే కడ్డీలు పట్టుకుని ఊగేవాళ్లకి అది మామూలే, తెలుసు. కానీ టిఫిన్ బాక్సులో నాలుగు ఇడ్లీల్లో మూడు అట్టాగే ఉన్నాయి. పొద్దున ఎన్నింటికి లేస్తావమ్మా అంటే నాలుగున్నరకి అంది. నాన్న బండి మీద కోవూరు నుంచి ప్రాక్టీసుకి తెస్తాడట, పెన్నా బ్రిడ్జి మీద చలేస్తుందట.

వాళ్ల నాన్నను పిలిపించి మాట్లాడాను. మంచి మనిషి, కూతురి కోసం తన నిద్ర కూడా మానుకుంటున్నాడు. వారానికి ఆరు రోజులు పొద్దున రెండు గంటలు, మూడు రోజులు సాయంత్రం ఇంకో రెండు గంటలు. కలిపితే పద్దెనిమిది. పాపకి ఎనిమిదేళ్లు. సాయంత్రం ప్రాక్టీసు ఉన్న రోజు ఏడింటికి వదిలితే ఇంటికి చేరేసరికి ఒక్కోసారి ఎనిమిది దాటుతుంది, తిని హోంవర్క్ రాసి పడుకునేసరికి తొమ్మిదిన్నర. మళ్లీ నాలుగున్నరకి లేవాలి. అంటే ఏడు గంటల నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. ఏడార్ల దగ్గర పెన్సిల్ ఎందుకు జారిందో ఇక ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

మన బడి నుంచి జిమ్నాస్టిక్స్‌కి వెళ్లే పిలకాయలు ఇప్పుడు పదకొండు మంది. సంతోషమే. అందరూ అడిగే ప్రశ్న ఒకటే, ఎన్ని గంటలు చేయిస్తే చాలు మేడమ్ అని. పిల్లల క్రీడా వైద్యంలో పనిచేసే డాక్టర్లు ఒక తేలిక లెక్క చెబుతారు. పిల్ల వయసు ఎన్నేళ్లో వారానికి అన్ని గంటలు దాటనివ్వొద్దు అని. దాటిన పిల్లల్లో, ఒంట్లో ఒకే భాగాన్ని అదే పనిగా వాడడం వల్ల వచ్చే దెబ్బలు ఎక్కువగా కనిపించాయి. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు ఉండాలని కూడా అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. ఆ లెక్కన ఎనిమిదేళ్ల పిల్లకి ఎనిమిది గంటలు. నన్నడిగితే ఆరుతో మొదలుపెట్టి, ఏడాది చూసి పెంచండి అంటాను. వారానికి మూడు రోజులు, రోజుకి రెండు గంటలు. పదేళ్లు నిండాక, పిల్ల తనంతట తాను ఇంకా చేస్తానని అడిగితే పది గంటలు. ఆ తర్వాత సంగతి పోటీల స్థాయిని బట్టి ఉంటుంది. పెద్ద స్థాయిలో పోటీపడే టీనేజ్ పిల్లలు వారానికి ఇరవై గంటలు, అంతకన్నా ఎక్కువే చేస్తారు, అది నిజం. కానీ వాళ్లు అక్కడికి కొన్నేళ్లలో మెల్లగా చేరుకున్నవాళ్లు.

జిమ్నాస్టిక్స్ చిన్నప్పుడే మొదలుపెట్టాలి కదా అంటారు. అవును, పదిహేనేళ్లకి మొదలుపెట్టే ఆట కాదిది. మన దేశపు జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ ఆరేళ్లకి మొదలుపెట్టింది, అదీ చదును పాదాలతో, వాల్ట్ (పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాల్లోకి ఎగరడం) నుంచి దిగేటప్పుడు అవి పెద్ద ఇబ్బంది. 2016లో రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్లో 15.066 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచేటప్పటికి ఆమెకి 23 ఏళ్లు. మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెచ్చింది, 22 ఏళ్లకి. ఇంకో సంగతి, ఆడపిల్లలు ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో దిగాలంటే ఆ ఏడాది ముగిసేలోపు 16 ఏళ్లు నిండాల్సిందే, 1997 నుంచి అదే నిబంధన. ఎనిమిదేళ్ల పిల్లకి ఇంకా ఎనిమిదేళ్ల టైముంది, నాలుగున్నరకి లేపాల్సినంత తొందర ఏముంది?

గంటల గురించి నేను కళ్లారా చూసింది కూడా చెప్పాలి. పోయిన శుక్రవారం పిల్లలు ప్రాక్టీసు చేసే హాలుకి వెళ్లి గోడపక్కన స్టూలు మీద కూర్చుని గడియారం పెట్టుకుని చూశాను (కోచ్‌కి ముందే చెప్పాను లెండి). రెండు గంటల క్లాసు. పన్నెండు మంది పిల్లలు, ఒక బీమ్, ఒక వాల్ట్. బీమ్ అంటే పది సెంటీమీటర్ల వెడల్పు కొయ్య, మన స్కేలు పొడవులో మూడో వంతు, దాని మీద నడవాలి, గెంతాలి, పల్టీ కొట్టాలి. నేను చూస్తున్న పాప వార్మప్ పోగా పరికరాల మీద ఉన్నది ఇరవై ఆరు నిమిషాలు. మిగతా టైమంతా లైన్లో నిలబడి జడ కొస నములుతూ ఉంది. కోచ్ తప్పేం లేదు, ఉన్న పరికరాలే అన్ని. కానీ పన్నెండు మందిని నలుగురు నలుగురుగా విడదీసి తిప్పితే అదే పని గంటంబావులో అయిపోతుందని ఆయనే ఒప్పుకున్నారు. కాబట్టి ఎన్ని గంటలు అని అడిగే ముందు ఆ గంటల్లో ఏం చేయిస్తున్నారని అడగండి. ఒకసారి వెళ్లి కూర్చుని చూడండి కూడా. తల్లిదండ్రుల్ని లోపల కూర్చోనివ్వని హాలైతే ఆ రోజే పిల్లని మాన్పించండి, ఇంకో మాట లేదు.

ఇవన్నీ నేను ఒడ్డున కూర్చుని చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట వేరే ఊళ్లో పనిచేసేటప్పుడు, పోటీలకి ముందు నెలరోజులు ఒక తొమ్మిదేళ్ల పిల్లని రెండు పూటలా ప్రాక్టీసుకి పంపడానికి సంతకం పెట్టింది నేనే. మణికట్టు నొప్పి మేడమ్ అంటే పోటీ అయిపోనీ చూద్దాం అన్నదీ నేనే. పోటీ అయింది, పతకం వచ్చింది, ప్రేయర్‌లో చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఆరు నెలలు ఆ పిల్ల నేల మీద చెయ్యి ఆనించి లేవలేకపోయింది. ఎదిగే పిల్లల ఎముకల చివర మెత్తటి భాగం ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడే. చేతుల మీద బరువంతా పదే పదే పడితే ముందు దెబ్బతినేది మణికట్టు దగ్గర ఆ భాగమే, నాకది అప్పుడు తెలియదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మణికట్టు గానీ నడుము గానీ, ముఖ్యంగా వెనక్కి వంగితే నడుము నొప్పి అని పిల్ల చెబితే ప్రాక్టీసు ఆపండి. రెండు వారాలు విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించండి. నొప్పి తట్టుకుంటేనే ఛాంపియన్ అవుతారని ఎవరైనా అంటే వినకండి.

ఎత్తు పెరగరంట కదా అని ఇద్దరు ముగ్గురు అవ్వలు అడిగారు. పొట్టిగా ఉన్న పిల్లలకి ఈ ఆట తేలిక, అందుకని వాళ్లే ఎక్కువగా నిలబడతారు, ఆట వల్ల పొట్టి అయిపోరు. తిండి తగ్గిస్తేనే అసలు ముప్పు. బరువు తగ్గాలని రాత్రి అన్నం మాన్పించిన ఇల్లొకటి నాకు తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లకి బరువేంటండీ? చేపల పులుసు వేసి కడుపునిండా పెట్టండి.

బడి తరఫున మేం చేయగలిగింది ఇది. ప్రాక్టీసు ఉన్న పిల్లలకి వారానికి రెండు రోజులు చివరి పీరియడ్ వదిలేస్తాం, ఆ రెండు రోజులు హోంవర్క్ ఉండదు. అప్పుడు సాయంత్రం ఆరున్నరకల్లా ఇంట్లో ఉండొచ్చు. ఐదో తరగతిలోపు పిల్లలకి తెల్లవారుజాము ప్రాక్టీసు కోసం మొదటి పీరియడ్ మినహాయింపు ఇవ్వం, ఎవరు అడిగినా సరే. ఆ పదకొండు మంది నోట్‌బుక్కుల వెనక క్లాస్ టీచర్లు ఒక కాగితం అంటిస్తారు. ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, ఎక్కడ నొప్పి అంది, మూడే గళ్లు. రోజూ నింపి పంపండి.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగున్నరకి లైబ్రరీ గదిలో కూర్చుందాం. కోచ్ గారు కూడా వస్తానన్నారు. అమ్మానాన్నల్లో ఒక్కరైనా రండి, పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్లని కూడా అడగాలి. కోవూరు పాప వాళ్ల నాన్న ఈ వారం నుంచి పొద్దున ప్రాక్టీసు మాన్పించారు. నిన్న ఎనిమిదో ఎక్కం మొత్తం అప్పజెప్పింది, ఎనిమిది తొమ్మిదుల దగ్గర మాత్రం తడబడింది.

మీ ప్రధానోపాధ్యాయురాలు